‘గ్యాసే’ అనుకుని తెల్లారేదాకా ఆగారు: కారవాన్ ప్రయాణంలో గుండెపోటు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది నిజాంపేట. వేసవి సెలవుల్లో లోపలే పడకలు, బాత్రూమ్ ఉండే కారవాన్ ఒకటి అద్దెకు మాట్లాడుకుని శ్రీశైలం వెళ్లాం. మావారు, నేను, ఇద్దరు పిల్లలు, అత్తయ్య, మామయ్య. బండికి డ్రైవర్‌ని వాళ్లే ఇచ్చారు. మామయ్యకు 67 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. దర్శనం చేసుకుని రాత్రికి ఈగలపెంటలో ఒక గెస్ట్‌హౌస్ ఆవరణలో బండి ఆపుకున్నాం. పదకొండింటికి మామయ్య బండిలోని బాత్రూమ్‌కి వెళ్లి ఎంతకీ బయటికి రాలేదు. తలుపు కొడితే తీశారు. బనియన్ మొత్తం తడిసిపోయింది. ‘మధ్యాహ్నం పులిహోర ఎక్కువైంది, గ్యాస్, ఏం కాదు’ అన్నారు. ఈనో ఇచ్చాం, గ్యాస్ టాబ్లెట్ వేశాం. రెండున్నరకి వాంతి అయింది. దవడ లాగుతోందన్నారు. బయల్దేరదామంటే డ్రైవర్ ‘అడవి గేటు ఆరింటిదాకా తీయరు’ అన్నాడు. మా ఫోన్లలో సిగ్నల్ లేదు. తెల్లవారుజామున బయల్దేరి, గేటు తీశాక అడవి దాటి దారిలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే ఈసీజీ తీసి హార్ట్ ఎటాక్ అన్నారు. రక్తపు గడ్డ కరగడానికి ఇంజెక్షన్ ఇచ్చి అంబులెన్స్‌లో హైదరాబాద్ పంపారు. స్టెంట్ వేశారు. ఇప్పటికి మూడు నెలలైంది. గుండె పంపింగ్ 40 శాతం ఉందన్నారు. మా ఆడపడుచు ‘పెద్దాయన్ని అడవుల్లోకి ఎందుకు తీసుకెళ్లావు’ అని నన్నే అంటోంది. మామయ్యేమో కార్తీకంలో మళ్లీ వెళ్దాం, అదే బండి మాట్లాడమంటున్నారు. మావారికి ఆ మాట వింటేనే టెన్షన్. తప్పు నాదేనా? మళ్లీ వెళ్లొచ్చా? వెళ్తే ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

సమాధానం: అమ్మా, మీ మామయ్యగారికి గుండెపోటు ప్రయాణం వల్ల రాలేదు. గుండె రక్తనాళంలో కొవ్వు పేరుకోవడానికి ఏళ్లు పడుతుంది. షుగర్, బీపీ ఉన్నవాళ్లలో ఇంకాస్త తొందరగా పేరుకుంటుంది. ఆ కొవ్వు పొర ఏదో ఒక రోజు చిట్లుతుంది. చిట్లినచోట రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. నిజాంపేటలో మీ ఇంట్లో మంచం మీద పడుకున్నా ఆ రాత్రే అది జరిగి ఉండొచ్చు. మీ ఆడపడుచుకి ఈ ముక్క చెప్పండి. నాన్న మీద ప్రేమకొద్దీ అంటున్న మాటే అయినా, ఆ భారం మీ నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

అయితే ఆ రాత్రి జరిగినవాటిలో మార్చగలిగినవి కొన్ని ఉన్నాయి. పదకొండు నుంచి తెల్లవారేదాకా పోయిన గంటలు చాలా విలువైనవి. మూసుకున్న రక్తనాళం వెనక ఉన్న గుండె కండరం నిమిషనిమిషానికీ దెబ్బతింటూ ఉంటుంది. గడ్డను కరిగించే ఇంజెక్షన్ పన్నెండు గంటలలోపు ఎప్పుడిచ్చినా కొంత మేలు చేస్తుంది. మొదటి రెండు మూడు గంటల్లో ఇస్తే చేసే మేలు మాత్రం వేరు. పంపింగ్ 40 శాతానికి తగ్గడంలో ఆ ఆలస్యం పాత్ర ఉండే ఉంటుంది. మిమ్మల్ని బాధపెట్టడానికి చెప్పడం లేదు. ఇదే పొరపాటు హైదరాబాద్ నడిబొడ్డున, కార్పొరేట్ ఆసుపత్రికి నాలుగు వీధుల అవతల ఉన్న ఇళ్లలో కూడా జరుగుతోంది. సాయంత్రం మొదలైన నొప్పికి రాత్రంతా సోడా, జీలకర్ర నీళ్లు తాగి పొద్దున్నే ఎమర్జెన్సీకి వచ్చేవాళ్లను చూస్తూనే ఉంటాం. వాళ్లకి అడవీ అడ్డం రాలేదు, సిగ్నల్ సమస్యా లేదు.

గ్యాస్ అని ఎందుకు అనిపిస్తుందో తెలిస్తే మీకు ఉపయోగపడుతుంది. గుండె కింది భాగం పొట్టకు పైనున్న డయాఫ్రమ్ అనే కండరపు పొర మీద ఆనుకుని ఉంటుంది. ఆ భాగానికి రక్తం అందకపోతే నొప్పి ఛాతీలో కాకుండా పొట్ట పైభాగంలో తెలుస్తుంది. వాంతి వచ్చినట్టుంటుంది, తేన్పులు వస్తాయి. తేన్పు వచ్చాక కాస్త హాయిగా అనిపిస్తుంది కాబట్టి అది గ్యాసేనన్న నమ్మకం ఇంకా బలపడుతుంది. పైగా ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో నరాలు మొద్దుబారి అసలు నొప్పే తెలియకపోవచ్చు. ఒక్కసారిగా చెమట, ఆయాసం, నీరసం, అంతే. సినిమాల్లోలా గుండె పట్టుకుని కూలిపోయేవాళ్లు తక్కువే.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు ఆగి చదివిన వాక్యం బనియన్ తడిసిపోయిందన్నది. బండిలో ఏసీ నడుస్తూనే ఉండి ఉంటుంది. పులిహోర ఎక్కువైతే పొట్ట ఉబ్బుతుంది, మంట వస్తుంది. బనియన్ పిండుకునేంత చెమట మాత్రం పట్టదు. యాభై దాటినవాళ్లకి, అందులోనూ షుగర్ ఉన్నవాళ్లకి, దవడ నుంచి బొడ్డు దాకా ఎక్కడైనా ఇబ్బంది మొదలై దానితోపాటు చల్లని చెమట, ఆయాసం, వాంతి వీటిలో ఒక్కటి కలిసినా ఈసీజీ తీసేదాకా దాన్ని గుండెపోటుగానే లెక్కేయాలి. గ్యాస్ అని తేలితే మంచిదే, నవ్వుకుంటూ ఇంటికొస్తారు. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా డాక్టరు ఇంకాసేపు ఉండమంటే ఉండండి. కొందరిలో మార్పులు కాసేపటికి గానీ కనిపించవు.

ఇంకో సంగతి అంతకన్నా ముఖ్యం. మామయ్యగారు బాత్రూమ్‌లో గడియ పెట్టుకుని అంతసేపు ఎందుకున్నారో మీరెప్పుడైనా అడిగారా? నాకైతే ఆయన దాచారనిపిస్తోంది. మన పెద్దవాళ్లలో ఇది చాలా ఎక్కువ. పిల్లలు ఇంత డబ్బు పోసి బండి మాట్లాడారు, మనవలు సంబరంగా ఉన్నారు, కోడలు సెలవు పెట్టుకుని వచ్చింది, ఇప్పుడు నా వల్ల అందరి సంతోషం పాడవడమెందుకు అనుకుంటారు. ఊరికి దూరంగా ఉన్నప్పుడు ఇది ఇంకా పెరుగుతుంది. అందరూ ఒకే చోట, నాలుగు అడుగుల ఎడంలో పడుకుని ఉంటారు. మూలిగినా వినపడుతుందని బిగపట్టుకుంటారు. అడిగితే ‘ఏం లేదు, పడుకోండి’ అంటారు. ఆ మాట నమ్మాలని మనకీ ఉంటుంది.

అందుకే బయల్దేరే ముందే, అందరూ కూర్చుని ఉన్నప్పుడు, ఆయన ముందే ఒక మాట అనుకోండి. ప్రయాణంలో ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా వెంటనే చెప్పాలి, ఆసుపత్రికి వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం బాగోలేని మనిషిది కాదు. అది మీవారిదో మీదో ఎవరో ఒకరిది, ముందే పేరు పెట్టుకోండి. పది నిమిషాల్లో తగ్గకపోతే బండి కదలాలి, చర్చ లేదు. అర్ధరాత్రి ఆరుగురు ఆరు మాటలు అంటారు. అత్తయ్య వాము నమలమంటారు, డ్రైవర్ గేటు గురించి చెబుతాడు, మామయ్య వద్దంటారు. ఆ గోలలో గంటలు కరిగిపోతాయి. నిర్ణయం ఎవరిదో ముందే తెలిసి ఉంటే ఈ గోల ఉండదు. మామయ్యగారితో ఇంకొకటి కూడా చెప్పండి: ‘మీరు చెప్పకుండా దాచినందుకే మాకు ఎక్కువ కష్టమైంది’ అని. కోపంగా కాదు, ప్రేమగానే చెప్పండి. అంత సూటిగా చెబితే తప్ప ఈ తరంవాళ్లు వినరు.

ఇక గేటు సంగతి. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ గుండా పోయే ఆ రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేది రాత్రిపూట తిరిగే జంతువులు బండ్ల కింద పడకుండా. అది మామూలు రాకపోకలకు పెట్టిన నియమం. ప్రాణం మీదికొచ్చిన మనిషి బండిలో ఉంటే చెక్‌పోస్టులో ఉన్న సిబ్బందికి ఆ మాట చెప్పాలి. వాళ్ల దగ్గర వైర్‌లెస్ ఉంటే అంబులెన్స్‌ను పిలిపించగలరు. ఈగలపెంట నుంచి ఆ చెక్‌పోస్టు ఉన్న దోమలపెంట ఎంతో దూరం లేదు. గేటు దాకా వెళ్లి అడగకుండానే ‘తీయరు’ అని ఆగిపోవడం ఆ రాత్రి జరిగిన పెద్ద నష్టం. డ్రైవర్‌ని తిట్టడం కూడా అనవసరం. అతను తనకు తెలిసింది చెప్పాడు.

అసలు గేటు వైపే వెళ్లాల్సిన పని కూడా లేదు. ఇంట్లో ఎవరికైనా బాగోలేదంటే అందరి మనసూ ఇంటివైపే లాగుతుంది. మీకూ హైదరాబాదే తోచింది. కానీ ఈగలపెంట నుంచి హైదరాబాద్ దాదాపు రెండు వందల కిలోమీటర్లు, అందులో సగానికి సగం కాకపోయినా చాలా భాగం అడవి. అదే వెనక్కి తిరిగి డ్యామ్ దాటితే అవతల సున్నిపెంట, శ్రీశైలం ఉన్నాయి, మీరు పొద్దున దర్శనం చేసుకుని వచ్చిన దారే. అక్కడ డాక్టర్లున్నారు. స్టెంట్ వేసే సౌకర్యం లేకపోవచ్చు గానీ మొదటి వైద్యం అంది ఉండేది, అక్కడి నుంచి అంబులెన్స్‌లో ముందుకు వెళ్లేవాళ్లు. రాష్ట్రం మారుతుందని జంకక్కర్లేదు. ఏ ఆసుపత్రి అయినా, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ముందు వైద్యం చేసి తీరాలని 1989లోనే సుప్రీంకోర్టు పరమానంద్ కటారా కేసులో చెప్పింది. కాబట్టి ఎక్కడ బండి ఆపినా, పడుకునే ముందు ఆ రాత్రికి దగ్గరి డాక్టరు ఏ దిక్కున ఉన్నాడో గెస్ట్‌హౌస్ వాచ్‌మన్‌ని అడిగి తెలుసుకోండి. అతనికి తెలియని దారి ఉండదు. ల్యాండ్‌లైనో, సిగ్నల్ దొరికే చోటో కూడా అతనే చెబుతాడు.

ఫోన్ విషయం. మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా 112 కొట్టి చూడండి. అక్కడ వేరే కంపెనీ టవర్ ఏది అందుతున్నా ఆ కాల్ దాని మీదుగా వెళ్తుంది. ఏ టవరూ లేకపోతే మాత్రం వెళ్లదు. కాబట్టి ఇంట్లో ఒకరి దగ్గరైనా వేరే కంపెనీ సిమ్ ఉంటే మంచిది. 108 దొరికితే ముందు తెలంగాణ వైపున్నారో ఆంధ్ర వైపున్నారో చెప్పండి. ఆ సరిహద్దులో ఏ వైపు టవర్ అందితే ఆ రాష్ట్రం కాల్ సెంటర్‌కి కాల్ వెళ్లే అవకాశం ఉంది. తర్వాత దగ్గర్లోని ఊరు, రోడ్డు పక్కన కిలోమీటరు రాయి మీద ఉన్న అంకె చెప్పండి. అంబులెన్స్ వచ్చేదాకా కూర్చోవడం కాకుండా ఎదురు వెళ్లమంటారా అని కూడా అడగండి. దూరప్రాంతాల్లో ఇద్దరూ మధ్యదారిలో కలిస్తే చాలా సమయం మిగులుతుంది.

ఈలోగా మనిషిని నడిపించకండి. కారవాన్ మెట్లు నిటారుగా, తలుపు ఇరుకుగా ఉంటాయి. ‘కాస్త బయట గాలి పీల్చుకోండి’ అని దింపి ఎక్కిస్తుంటారు, గుండెకు అప్పుడు అదే పెద్ద బరువు. వెనక దిండ్లు పెట్టి సగం కూర్చున్నట్టు ఉంచండి, చొక్కా గుండీలు వదులు చేయండి. బండి కదులుతున్నప్పుడు మంచం మీద పడుకోబెట్టకుండా సీటును వెనక్కి వాల్చి బెల్టు పెట్టండి, ఘాట్ మలుపుల్లో మంచం మీద ఉన్న మనిషి జారిపడతారు. ఇంతకుముందు ఆస్పిరిన్ పడలేదన్న చరిత్ర లేకపోతే, కడుపులో పుండ్లు, రక్తస్రావం లాంటివి లేకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగించవచ్చు. ఫోన్‌లో డాక్టరు దొరికితే అడిగే ఇవ్వండి. రక్తనాళాలను వెడల్పు చేసే సార్బిట్రేట్ మాత్రం డాక్టరు ఆ మనిషికి రాసి ఇచ్చి ఉంటే తప్ప నాలుక కింద పెట్టొద్దు. వాట్సాప్‌లో అందరూ పంచుకునే సలహా అది. బీపీ పడిపోయి ఉన్న మనిషికి అది ఇస్తే ఇంకా పడిపోతుంది. గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగుతుందన్నదీ నిజం కాదు.

మనిషి స్పృహ తప్పి, ఊపిరి ఆడకపోతేనో, ఆగి ఆగి ఎగపోస్తున్నట్టుంటేనో సీపీఆర్, అంటే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. పరుపు మీద చేస్తే పరుపు దిగుతుంది తప్ప ఛాతీ దిగదు. కారవాన్ లోపల ఆ ఇరుకులో మోకాళ్ల మీద కూర్చోవడానికే చోటుండదు. ఇద్దరు ముగ్గురు పట్టుకుని బయట గట్టి నేల మీద పడుకోబెట్టండి, కుదరకపోతే లోపలే మధ్య దారిలో కింద పడుకోబెట్టండి. ఛాతీ మధ్యలో, రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, మోచేతులు వంచకుండా, అయిదారు సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. అలసిపోతే ఇంకొకరు అందుకోవాలి. ఇది చదివితే వచ్చేది కాదు, మీరూ మీవారూ ఎక్కడైనా శిక్షణ ఇస్తున్నప్పుడు వెళ్లి బొమ్మ మీద చేసి చూడండి. ఒక్క పూట పని.

వెంట ఏం తీసుకెళ్లాలి? మందుల సంచీ సామాన్ల అడుగున కాకుండా చేతికి అందేచోట ఉండాలి. డిశ్చార్జ్ సమ్మరీ, ఆఖరి ఈసీజీ, ఎకో (గుండె స్కాన్) రిపోర్టు ఫొటోలు తీసి ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టండి. బీపీ మిషన్, షుగర్ చూసే మిషన్, గ్లూకోజ్ పొడి. చెమట పట్టగానే షుగర్ కూడా చూడాలి, ఎందుకంటే షుగర్ 70 కంటే పడిపోయినా ఇలాగే చెమట, వణుకు వస్తాయి. అలా అయితే మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మళ్లీ చూడండి. షుగర్ మామూలుగా ఉండి చెమట ఆగకపోతే ఇక ఆలోచించేదేమీ లేదు, బండి కదలాలి.

గుడికి వెళ్లేటప్పుడు ఒకటి గమనించండి. చాలామంది పెద్దవాళ్లు దర్శనం అయ్యేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. కొందరు షుగర్ మాత్ర వేసుకుని ఏమీ తినకుండా క్యూలో నిలబడతారు, కొందరు మందులే మానేస్తారు. రెండూ ప్రమాదమే. స్టెంట్ వేసుకున్న మనిషి రక్తం పలచబడే మాత్రలు ఒక్క పూట కూడా మానకూడదు. సాధారణంగా రెండు రకాల మాత్రలు ఏడాది దాకా వాడమంటారు. మల్లన్న దర్శనానికైనా సరే, టిఫిన్ తిని మాత్ర వేసుకునే వెళ్లాలి.

కారవాన్‌కే సంబంధించిన ఇంకో ప్రమాదం ఉంది, మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు నిద్రలోనే చనిపోయారు. ఏసీ కోసం నడిపిన జనరేటర్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరింది. ఆ వాయువుకి రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, వికారం, మగతగా మొదలై మనిషి లేవలేని స్థితికి వెళ్తాడు. రాత్రి జనరేటర్ పెట్టుకుని, తలుపులన్నీ బిగించి పడుకోవద్దు. కరెంట్ కనెక్షన్ ఇచ్చే చోటే బండి ఆపండి, లేదా కిటికీలు తెరిచి ఫ్యాన్‌తో సరిపెట్టుకోండి. లోపల గ్యాస్ స్టవ్ మీద వండేటప్పుడూ కిటికీ తెరిచి ఉండాలి. ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తలనొప్పి వచ్చిందంటే టీ పెట్టుకోవడం కాదు, ముందు అందరూ బయటికి రావాలి. ఆ వాయువును పట్టే అలారం చిన్న పెట్టె లాంటిది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఒకటి కొని వెంట ఉంచుకోండి. బాత్రూమ్ గడియ విషయం కూడా డ్రైవర్‌ని అడగండి, బయటినుంచి తీయడం కుదురుతుందో లేదో. కుదరదంటే పెద్దవాళ్లు గడియ పెట్టకుండానే వెళ్లాలి, మిగతావాళ్లు అటు పోరు.

మళ్లీ వెళ్లొచ్చా అన్నారు. వెళ్లొచ్చు, కానీ ఈ కార్తీకంలోనే శ్రీశైలం వద్దు. గుండెపోటు తర్వాత మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి, ఇక నీ జీవితం ఇంతే అన్నట్టు చూస్తే దిగులుతో కుంగిపోతారు, నడవడం మానేస్తారు, దానివల్ల గుండెకు ఇంకా చెడే. ఆయన మళ్లీ వెళ్దామనడం నాకు సంతోషంగా ఉంది. అలాగని పంపింగ్ 40 శాతం ఉన్న మనిషిని, రాత్రంతా దారులు మూసుకుపోయే చోటికి మొదటి ప్రయాణంగా తీసుకెళ్లడం నేను ఒప్పుకోను. ముందు వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలకు ఒక్క రాత్రికి వెళ్లి రండి. ఏ రాత్రి అయినా రెండు గంటల్లో హైదరాబాద్‌లో పెద్దాసుపత్రి ముందు ఉంటారు. గుడి కావాలంటే అనంతగిరిలో పద్మనాభస్వామి ఉన్నాడు. ఆ తర్వాత వరంగల్ వైపు వెళ్లండి, దారంతా ఊళ్లే, ఊళ్లలో ఆసుపత్రులే. ఈ రెండూ సాఫీగా జరిగితే మీవారి భయం తనంతట తనే తగ్గుతుంది. మాటలతో తగ్గే భయం కాదది.

శ్రీశైలానికి వచ్చే ఏడాది వెళ్లండి. రద్దీ లేని రోజుల్లో, కొండమీదే గది తీసుకుని ఉండండి. పాతాళగంగకు మెట్ల దారిన దింపొద్దు, రోప్‌వేలో తీసుకెళ్లండి. మెట్లు దిగేటప్పుడు ఏమీ అనిపించదు, ఎక్కేటప్పుడే గుండె మీద పడుతుంది.

వచ్చే నెల కార్డియాలజిస్టు దగ్గరికి చెకప్‌కి వెళ్లేటప్పుడు మీ ఆడపడుచుని కూడా తీసుకెళ్లండి. ప్రయాణం వల్ల వచ్చిందా, మళ్లీ ప్రయాణం చేయొచ్చా అన్న రెండు ప్రశ్నలూ ఆమెనే అడగనివ్వండి. ఎకో మళ్లీ తీయించి పంపింగ్ ఎంతకు వచ్చిందో చూడమనండి. మందులు సరిగ్గా పడితే కొన్ని నెలల్లో కొంత మెరుగయ్యే అవకాశం ఉంది. ఎన్ని మెట్లు ఎక్కొచ్చు, ఎంత దూరం నడవొచ్చు, ప్రయాణంలో అత్యవసరానికి ఏ మాత్ర దగ్గర పెట్టుకోవాలి, ఈ మూడూ ఆ డాక్టరు చేతే చీటీ మీద రాయించుకోండి. ఆ చీటీ చేతికొచ్చాకే బండికి అడ్వాన్స్ కట్టండి.